పొద్దుగూకినంక పొయ్యి ముట్టియ్యని మొక్కు

కోదాడ

సూర్యాపేటలో ఉండే బిక్షపతి అన్నయ్యగారికి, మీ అల్లుడు రాకేష్ తల్లి అనసూయ నమస్కరించి రాసేది. ఇక్కడ మేం కులాసా. మీరూ, శోభారాణి వదినా కులాసాగా ఉన్నారని తలుస్తన్నా.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేందని అనుకోవద్దు. మా ఆయన ఫోన్‌లో ఏం మాట్లాడినా బజారంతా వింటది. నా ఫోన్ చూస్తే కోడలు కొనిచ్చింది. ఆ పిల్ల కొన్న ఫోన్‌లో ఆ పిల్ల మీదే చెప్పడానికి నోరు రాలేదు. అందుకే కూరగాయల బండి నాగేందర్ చేతికిచ్చి పంపుతున్నా.

మొన్న చెప్పకుండా మిర్యాలగూడ పోయా. కొత్త కాపురం ఎట్టుందో చూద్దామని. పొద్దు పోయాక మావాడు రైసుమిల్లు నుంచి వచ్చాడు, మీ దివ్య రక్తపరీక్షల ల్యాబ్ నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కున్నారు. ఇక పొయ్యి వెలిగిస్తదని చూస్తన్నా. వెలిగించలా. రెండు ప్లేట్లు తీసింది. ఉడకబెట్టిన మక్క గుడాలు, పల్లీలు, దోసకాయ ముక్కలు, పొద్దున చేసిన సర్వపిండి తలా ఒక ముక్క, ఒక అరటిపండు. ఇద్దరూ మేడ మీదికి పోయి నవ్వుకుంటా తిన్నారు. నాకూ ఒక ప్లేటిచ్చింది. ఇది చిరుతిండి, అన్నం వెనక వస్తదని నేను కూర్చునే ఉన్నా. అన్నం రాలేదు. పక్కలేసింది.

"ఏందిరా ఇది" అంటే, "రోజూ ఇంతేనమ్మా, పగలు బాక్సులో అన్నం తింటున్నాం కదా" అన్నాడు. లారీలకు లారీలు బియ్యం ఎక్కించే మిల్లులో పనిచేసేవాడికి రాత్రి ముద్ద లేదు.

మనలో రాత్రి పొయ్యి వెలగని ఇల్లు ఏ ఇల్లో మీకు చెప్పాలా. మనిషి పోయిన ఇల్లు. నిక్షేపంలాంటి పిల్లలు ఆ కర్మ ఎందుకు పట్టాలి? ఈ నెలాఖరు ఆదివారం పెద్దమనుషులను తీసుకుని మిర్యాలగూడ వస్తా. మీ అమ్మాయి రాత్రిపూట వండుతానంటే సరే. లేదంటే నా కొడుకును నేను తెచ్చుకుంటా, మీ పిల్లను మీరు తీసుకుపోండి.

ఇట్లు,
అనసూయ

తా.క.: ఆ మక్క గుడాలు బాగానే ఉన్నాయి. అది వేరే సంగతి.


సూర్యాపేట

చెల్లె అనసూయమ్మకు, బావగారు వెంకటేశ్వర్లుకు, వియ్యంకుడు బిక్షపతి రెండు చేతులెత్తి పెట్టే దండాలు. మేం మంచిగున్నం. మీ ఉత్తరం అందేదాక ఇంకా మంచిగున్నం.

ఆరో తరగతిల బడికి దండం పెట్టినోణ్ణి, తప్పులుంటే మాఫ్ చెయ్యి. నంబర్ ప్లేట్లు రాసుడు, లారీల ఎనక అక్షరాలు అంటిచ్చుడు తప్ప ఉత్తరాలు రాసి ఎరుగ.

చెల్లె, ఈ ముచ్చట పెండ్లికి ముందే చెప్పాల్సింది. చెప్పలే. మా దివ్య చంటిపిల్లప్పుడు జ్వరమొచ్చి, దవాఖానల ఆశ లేదన్నరు. అప్పుడు మా అవ్వ ఇంటిదేవతకు మొక్కింది. తల్లీ, పిల్ల దక్కితే దాని పెండ్లైన మొదటి ఏడాది పొద్దుగూకినంక పొయ్యి ముట్టియ్యదు అని. పిల్ల దక్కింది. ఇగ ఇప్పుడు మొక్కు తీర్చుకుంటున్నది. అంతే తప్ప నా బిడ్డకు వంట రాక కాదు, బద్ధకం అసలే కాదు.

ఆ మొక్కు ఒక్క పిల్లకే కాదు. తల్లిగారిల్లు, అత్తగారిల్లు గూడ పట్టాలె. మేం పెండ్లినాటి సంది మా ఇంట్ల రాత్రి పొయ్యి ముట్టియ్యలే. మీకు చెప్తె పరేషాన్ అయితరని మీ వంతు గూడ మేమే పడుతున్నం. ఇంత చెప్పినంక ఇగ పెద్దమనుషులెందుకు, నువ్వే ఆలోచించు.

ఇట్లు,
మీ బిక్షపతి
సౌండ్ హారన్ (చేతికి అలవాటు, కొట్టేసిన అనుకో)

తా.క.: ఈ మొక్కు సంగతి శోభారాణి దగ్గర గాని దివ్య దగ్గర గాని ఎత్తకు. ఆడోళ్ల మధ్య మాట వస్తే ఏడాది మళ్ల మొదటి సంది లెక్కవెట్టాలంట. ఎందుకంటే నాకేం తెల్సు, దేవతనడుగు.


కోదాడ

అన్నయ్యగారికి అనసూయ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ముందు ఇంటిదేవతకు దండం పెట్టుకున్నా. ఇంత మాట పెళ్లిచూపుల్లో చెప్పరా? మా వంతు కూడా మీరు పట్టడమేంది, మా ఇంటి కోడలు మాకు బరువా? ఆ సాయంత్రం నుంచే మా పొయ్యి ఆపేశా.

మీ బావగారు కంచం ముందేసుకుని కూర్చున్నారు. ప్లేటు పెట్టా. అటుకులు, పుట్నాలు, ఉల్లిపాయ, జామకాయ. ఆయన ప్లేటు ఎత్తి అడుగున చూశారు, పప్పు దాచానేమోనని. "ఎవరు పోయారే" అన్నారు. మొక్కు అని చెప్పా. "ఎన్నాళ్లు" అన్నారు. ఏడాది అంటే మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నారు.

పెద్దమనుషుల సంగతి ప్రస్తుతం ఆపాను. కానీ నాకు కొన్ని అనుమానాలున్నాయి, తప్పు చేస్తే పిల్లలకు చుట్టుకుంటదని భయం. కరెంటు పొయ్యి పొయ్యి కిందికి వస్తదా? టీ పెట్టుకోవచ్చా? పగలు వండిన చారు రాత్రి చల్లగా తాగితే దోషమా? వెంటనే రాయండి.

ఇట్లు,
అనసూయ

తా.క.: పక్కింట్లో పోపు వేస్తుంటే మీ బావగారు గోడ దగ్గర నిలబడి వాసన చూస్తన్నారు. అది దోషమైతే అది కూడా రాయండి, ఆపిస్తా.


సూర్యాపేట

చెల్లె అనసూయమ్మకు బిక్షపతి దండాలు. నీ భక్తి చూసి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. శోభారాణి ఉల్లిగడ్డ కోస్తుండె, అందుకు గూడ కావచ్చు.

నియమాలు రాస్తున్న, జాగ్రత్తగ పట్టు. కరెంటు పొయ్యి గూడ పొయ్యే, దేవతకు కరెంటు తెల్వదా. చాయ్ పెట్టుకోవచ్చు గని మొగోడే పెట్టాలె. సల్లటి చారుకు దోషం లేదు. వాసనకు గూడ లేదు, బావగారిని వాసన చూడనియ్యి. టీవీ బంద్. అన్నిటికన్నా ముఖ్యం, మొగుడు పెండ్లాం ఎదురెదురుగ కూసోని ఒక్కసారే తినాలె. ఒకరు వడ్డించుడు, ఒకరు తినుడు నడువది. అట్ల చేస్తే మొక్కు ఖతం.

ఇవన్నీ మా అవ్వ చెప్పినవే. పైనుంచి చూస్తనే ఉంటది.

ఇట్లు,
బిక్షపతి

తా.క.: నిన్న బావగారు ఏదో పని మీద సూర్యాపేట వచ్చి మా ఇంట్ల జరసేపు ఆగిండు. పొద్దుగూకింది కదా, పాపం ఉత్త చాయ్ తాగి పోయిండు. ఆ చాయ్ గూడ నేనే పెట్టిన.


కోదాడ

అన్నయ్యగారికి నమస్కారాలు. ఇక్కడ పెద్ద గొడవైంది.

మా ఇంట్లో రాత్రుళ్లు పొగా లేదు, పోపూ లేదని మా పక్కింటి యాదమ్మ కనిపెట్టింది. ఎవరో పోయారని ఖాయం చేసుకుంది. నిన్న పొద్దుగూకే వేళ అన్నం, పప్పు, వంకాయ కూర క్యారేజీ కట్టుకొచ్చి గడపలో పెట్టి, నన్ను పట్టుకుని ఏడ్చింది. "ఎంత మంచి మనిషి, పండు లెక్క ఉండేటోడు" అంటది. నాకు ఏడుపెందుకో తెలియక నేనూ ఏడ్చా. ఆ పండులాంటి మనిషి వెనకాల అరుగు మీద కూర్చుని క్యారేజీ మొత్తం ఖాళీ చేస్తన్నాడు. యాదమ్మ చూసి కెవ్వుమంది. క్యారేజీ లాక్కుని పోయింది.

ఇక అసలు సంగతి. ఇట్టా ఊరందరి నోళ్లల్లో పడుతుంటే లాభం లేదని, మొక్కు ముందే తీర్చుకునే దారి ఉందా అని మా పూజారిగారిని అడిగా. ఉందన్నారు. ఆడపిల్ల తండ్రి, పొద్దుగూకకముందే, తన చేత్తో పొయ్యి ముట్టించి రెండు ఇళ్లవాళ్లకీ పప్పన్నం వండి పెట్టాలంట. ఆడవాళ్ల చెయ్యి తగలకూడదు. అందులో ఉప్పు గాని నీళ్లు గాని తేడా వస్తే మొక్కు చెల్లనట్టే, కాపురం మాట మళ్లీ మొదటికే.

అనుకున్న ఆదివారమే మిర్యాలగూడ రండి. పెద్దమనుషులు ఇద్దరు వస్తారు. వాళ్లు తిని సరే అంటేనే సరే.

ఇట్లు,
అనసూయ

తా.క.: మీకు వంట వచ్చు కదా. చాయ్ పెట్టారు కదా మొన్న.


సూర్యాపేట

చెల్లె అనసూయమ్మకు, ఆరోగ్యం బాగలేని బిక్షపతి దండాలు.

మీ పూజారి ఎవరో గని మా అవ్వకంటే గట్టోడు. చెల్లె, జర ఆలోచించు. నేను వండితే తినేటోళ్లకు ఏమన్న అయితే మొక్కు ఒకటి తీరి ఇంకోటి మొక్కాల్సి వస్తది. హోటల్ నుంచి తెప్పిస్తే నడువదా? నేను గరిటె పట్టుకుంట, బావగారు తిప్పుతడు, అట్ల గూడ నడువదా?

నిన్న దుకాణం ఎనక రేకుల కింద చాటుగ నేర్చుకుందామని అన్నం పెట్టిన. గంజి వంపలే. అన్నం గిన్నెకు పట్టిన పట్టు చూస్తే, రేపటి సంది స్టిక్కర్లకు గమ్ కొనే అవసరం లేదనిపించింది. పప్పు ఉడకలే. అది పప్పు కాదని మా దుకాణం ముందటి కుక్క గూడ ఒప్పుకున్నది.

ఇంటికొచ్చి శోభారాణిని "పప్పుల నీళ్లు ఎన్ని పోస్తరు" అని అడిగితే, నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరముందా అని చూసింది. ఇన్నేండ్ల కాపురంల నేను పొయ్యి దిక్కు మర్లింది బీడీ ముట్టిచ్చుకోనికే. ఆమెకు ఎందుకో చెప్పలేను, చెప్తె సంపుతది.

అయినా వస్త. కాపురం నా బిడ్డది. చేతులు కాలినా, మూతి కాలినా వస్త.

ఇట్లు,
బిక్షపతి

తా.క.: ఉప్పు మీ దిక్కు ఎక్కువ తింటరా, తక్కువ తింటరా? ఇది మొక్కు కోసమే అడుగుతున్న.


కోదాడ

మా అన్నయ్య బిక్షపతిగారికి, చెల్లెలు అనసూయ నమస్కరించి, నవ్వాపుకుని రాసేది.

ఆదివారం మీ వంట తిన్నవాళ్లం అందరం క్షేమం. అన్నం కొంచెం మెత్తగా, పప్పు కొంచెం పలుకుగా, రెండూ కలిపితే సరిపోయింది. గంట కొట్టినట్టు పొద్దుగూకకముందే పొయ్యి ఆపి, చెమట తుడుచుకుని, ఆ పెద్దమనుషులిద్దరి నోళ్ల వైపు మీరు చూసిన చూపు నేను మర్చిపోను. ఒకాయన మీసం దువ్వి "కాపురం నిలబడతది" అన్నప్పుడు మీరు గోడకు ఆనుకున్నారు.

వాళ్లు పెద్దమనుషులు కాదు అన్నయ్యా. మా రాకేష్ మిల్లులో బస్తాలు మోసే హమాలీలు. తెల్ల బట్టలు మీ బావగారివి. ఆ రెండో ఆయన పప్పు మళ్లీ అడిగినప్పుడే మీరు పట్టుకోవాలి. నిజం పెద్దమనిషి ఎవడూ ఆ పప్పు రెండోసారి అడగడు.

మా పూజారిగారు కూడా ఏం చెప్పలేదు. నేనే చెప్పా.

ఎట్టా తెలిసిందంటారా. మీ బావగారు ఆరోజు సూర్యాపేట నుంచి రాత్రి పది దాటాక వచ్చారు. ఉత్త చాయ్ తాగిన మనిషి చేతులు చేపల పులుసు వాసన కొట్టవు. గట్టిగా అడిగితే చెప్పారు. మీ ఇంట్లో పొయ్యి భగభగా మండతందని, వదిన పులుసు పెట్టిందని, చెప్పొద్దని మీరు ఒట్టేయించుకున్నారని. ఆ కోపంలో ఆ తెల్లారే మిర్యాలగూడ బస్సెక్కా, కొడుకును తెచ్చేసుకుందామని. మొదటి ఉత్తరంలో నేను రాసింది ఉత్త బెదిరింపు కాదు అన్నయ్యా, నిజంగానే తెచ్చేసుకునేదాన్ని.

పోయేసరికి సాయంత్రం. దివ్య నాకూ ఒక ప్లేటు పెట్టి మేడ మీదికి తీసుకుపోయింది. గొడవ పెట్టుకుందామని ఎక్కా. ఆ పిల్ల జామకాయ కోసిస్తా అడిగింది, "అత్తమ్మా, మీరు ఎప్పుడన్న మామయ్యతోటి కలిసి కూసోని తిన్నరా" అని. నేను వేళ్ల మీద లెక్కేసి చూసుకున్నా. వడ్డించా, గిన్నెలు కడిగా, అందరూ లేచాక మిగిలింది తిన్నా. ఇన్నేళ్లు అంతే. దివ్య ఏమందంటే, "నేను పొయ్యి కాడ ఉంటే ఈన టీవీ కాడ ఉంటడు. రోజు మొత్తంల ఇద్దరం కలిసేది ఈ ఒక్క గంటనే అత్తమ్మా." రాకేష్ పల్లీలు ఒలిచి నా ప్లేట్లో వేస్తన్నాడు. చిన్నప్పుడు నేను వాడికి వేసినట్టు.

ఆ రాత్రే నా కోపం పోయింది. మీకు మాత్రం చెప్పలేదు. అబద్ధం మీరు మొదలుపెట్టారు, కనీసం పప్పన్నమన్నా పెట్టాలి కదా. దివ్యకి, శోభారాణి వదినకి మొత్తం తెలుసు, అప్పుడే చెప్పేశా. వదిన మీ నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది జ్వరం కోసం కాదు, నవ్వు దాచుకోవడానికి.

మా పొయ్యి మాత్రం రాత్రుళ్లు ఇంకా వెలగట్లేదు. మొక్కు లేదు, దోషం లేదు, అయినా వెలిగించట్లేదు. మీ బావగారే నాలుగింటికి పుట్నాలు, కీరకాయ తెచ్చి పెడతన్నారు. టీవీ ఆపి, ఎదురెదురుగా కూర్చుంటన్నాం. పెళ్లయిన ఇన్నేళ్లకు, ఈయన ఇన్ని మాటలు మాట్లాడగలడని నాకు ఇప్పుడే తెలిసింది. కొన్ని ఆపమని కూడా చెప్పాల్సి వస్తంది. యాదమ్మ ఇప్పుడు క్యారేజీ తేవట్లేదు, తన ప్లేటే తెచ్చుకుంటంది.

మీరు రాసిన నియమాలన్నీ అబద్ధమే గానీ, ఎదురెదురుగా కూర్చుని తినాలన్నది మాత్రం నిజం చేసుకున్నాం. వదినకి కూడా ఒకసారి ఆ నియమం చెప్పి చూడండి.

ఇట్లు,
మీ చెల్లెలు అనసూయ
సౌండ్ హారన్

తా.క.: మీ బావగారికి సూర్యాపేటలో మళ్లీ ఏదో పని పడిందంట. ఏం పనండీ అంటే చెప్పట్లేదు. సంచిలో నిమ్మకాయలు మాత్రం పెట్టుకున్నారు. వదినకి చెప్పి ఈసారి నాలుగు చేప ముక్కలు ఎక్కువ కోయించండి, నేనూ వస్తన్నా. పులుసు మాత్రం మీరు ముట్టుకోవద్దు.