ఓదెలన్న పరీక్ష

చిక్కడపల్లి, హైదరాబాద్,
18 జూన్ 2012.

సంధ్యక్కకు, బావగారికి రమ్య నమస్కారాలు. ఉయ్యాలలో ఉన్న బుజ్జిదానికి ఈ చిన్నమ్మ ముద్దులు.

నా ఫోన్ నువ్వు ఎత్తడం లేదు. నాకు ఆపరేషన్ అయిన సంగతి రెండు నెలల తర్వాత ఎవరో చెబితే తెలిసిందని నీ కోపం. న్యాయమే. కానీ అప్పుడు నీకు నెలలు నిండాయి, అమ్మ నీ దగ్గరే ఉంది. అందుకే దాచాను. ఇప్పుడు అంతా రాస్తున్నాను, చదివాక తిట్టు.

ఓదెలన్న గురించి ఒకసారి చెప్పాను కదా. చూపు లేదు, అశోక్ నగర్‌లో గది తీసుకుని చదువుకుంటున్నాడు. సాయంత్రాలు లైబ్రరీలో నేను పుస్తకాలు చదివి వినిపించేదాన్ని. ఉద్యోగానికి ఎంపికయ్యాడు గానీ, డిగ్రీలో మిగిలిన ఒక్క పేపరు పాసైతేనే ఇస్తామన్నారు. అతను చెబుతుంటే పక్కన కూర్చుని ఎవరైనా రాయాలి. పోయిన ఏడాది రాస్తానన్న అబ్బాయి పరీక్షనాడు రానేలేదట. "గేటు కాడ్నే నిలవడ్డ చెల్లె. లోపల గంట కొట్టిన్రు, ఇనుకుంట నిలవడ్డ" అన్నాడు. అది విని నేను రాస్తానని మాటిచ్చాను. నా పేరు, ఫోటో ముందే ఇచ్చేశాం. నా బదులు ఇంకొకరిని కూర్చోనివ్వరు.

పరీక్షనాడు, ఏప్రిల్ పన్నెండు పొద్దున లేచేసరికి బొడ్డు చుట్టూ నొప్పి. గ్యాస్ అయి ఉంటుందని హాస్టల్ నడిపే దుర్గమ్మ ఆంటీ వాము నీళ్లు ఇచ్చింది. తాగినవి తాగినట్టే బయటికొచ్చాయి. తయారయ్యేసరికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. అక్కడ వేలుతో నొక్కి తీస్తే ప్రాణం పోయినట్టయింది.

అప్పుడు భయం పట్టుకుంది అక్కా. మన జగదీశ్వర్ చిన్నాయనకు కూడా ఇలాగే మొదలైంది కదా! సోడా తాగి పత్తిచేనుకు పోయాడు, మూడోనాటికి మనిషి లేడు. పేగు లోపలే పగిలిందని డాక్టరు బాపుతో చెబుతుంటే తలుపు చాటున నిలబడి విన్నాను. ఆ మాట ఆ రోజంతా నా చెవిలోనే ఉంది.

నారాయణగూడ ఫ్లైఓవర్ కింద ఆటో ఆగి ఆగి కదిలింది. కుదుపు కుదుపుకీ పొట్ట పట్టుకున్నాను. "ఆస్పత్రికి పోదాం అన్నా" అనే మాట రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పక్కన ఓదెలన్న హాల్‌టికెట్‌ను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. అనలేకపోయాను.

మమ్మల్ని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. కాపలాకు కాశీవిశ్వనాథం గారనే పెద్దాయన. పదింటికి మొదలు. చూపులేని వాళ్లకిచ్చే అదనపు గంట కలిపి రెండింటిదాకా టైముంది. అతను చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. మోకాలు పొట్టకు ఆనించుకుంటే కొంచెం నయమనిపించేది. పదకొండుకల్లా పళ్లు కొట్టుకునేంత చలి మొదలైంది. ఎండాకాలంలో చలి! జవాబుల మీద వాంతి చేసుకుంటానేమోనని భయం, బయటికి పోతే పేపరు లాక్కుంటారేమోనని భయం. అన్నిటికంటే పెద్ద భయం, లోపల అది పగిలితే నాకు తెలుస్తుందా అని. పగిలాక నొప్పి కాసేపు తగ్గుతుందట. అందుకని నొప్పి కాస్త తగ్గినా గుండె ఆగినంత పనయ్యేది.

"పెన్ను ఆగిందేంది చెల్లె?" అన్నాడు ఒకసారి. వేరే పెన్ను తీస్తున్నానని అబద్ధమాడాను. కాశీవిశ్వనాథం గారు నా మొహం చూసి దగ్గరికొచ్చారు. ఏమీ అడగొద్దని చేతులు జోడించాను. ఆయన నీళ్ల గ్లాసు పెట్టి వెళ్లిపోయారు.

ఒంటిగంట దాటాక చివరి ప్రశ్న చదివాను. రాజ్యాంగ సవరణ విధానం, ఇరవై మార్కులు. అతను తల నావైపు తిప్పాడు. "ఇది నాకు రాదు చెల్లె. ఇచ్చేద్దాం" అన్నాడు. దేవుడు దయతలిచాడనుకున్నాను. పేపరు ఇచ్చి వరండాలోకి రాగానే పడిపోయాను. కాశీవిశ్వనాథం గారే ఆస్పత్రిలో చేర్చారట. బాపు ఫోన్‌లో సరేనన్నాక మధ్యాహ్నమే కోసి అపెండిక్స్ తీసేశారు. ఇంకో గంట ఆగితే పగిలేదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. సాయంత్రం కళ్లు తెరిస్తే బాపు ఉన్నాడు. నీకు చెప్పొద్దని ఆయనతో ఒట్టు వేయించుకున్నది నేనే. ఆయన్ని ఏమీ అనకు.

ఇవాళ ఫలితాలొచ్చాయి. ముప్ఫై ఐదుకు పాస్, ఓదెలన్నకు ముప్ఫై ఎనిమిది! ఇప్పుడు నాకు కుట్లు కూడా లాగడం లేదు. ఒక్కసారి ఫోన్ ఎత్తక్కా.

నీ చెల్లెలు,
రమ్య

తా.క.: ఉత్తరం మడిచాక, ఓదెలన్న గదిలో ఉండే ప్రేమ్‌సాగర్ మిఠాయి తెచ్చాడు. ఆ చివరి ప్రశ్న కూడా వచ్చి ఉంటే ఇంకా మంచి మార్కులు వచ్చేవన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. "గా ప్రశ్న రాకపోవుడేంది? నాకు గా పాఠమంతా నేర్పిందే ఓదెలన్న" అన్నాడు.

వెంటనే ఓదెలన్నకు ఫోన్ చేశాను. "నీ పండ్లు కొట్టుకునుడు ఇనవడ్తుండె చెల్లె. లెవ్వుమంటే నువ్వు లేస్తవా? అందుకే రాదన్న" అన్నాడు.

మరి ఫెయిలై ఉద్యోగం పోయుంటే, అని అడిగాను.

"పోతుండె" అన్నాడు.