లెక్కలోకి వచ్చే ఓటమి

బూన్ లే,
మార్చి 9

ఒరేయ్ వికాస్,

నీ ఫోను శిబిరం వాళ్ళు తీసుకుని లాకర్లో పెట్టారనీ, ఆదివారం ఇచ్చే పది నిమిషాలూ మీ అమ్మకే చాలడం లేదనీ మీ చెల్లెలు సరయు చెప్పింది. ఒకందుకు మంచిదే. ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు నవ్వుతావు, విషయం అక్కడితో సరి. కాగితం మీద అరిస్తే చివరిదాకా చదవక తప్పదు. మీ శిబిరం ఉన్న క్లువాంగ్ ఎంత దూరం కనక, వారంలో అందుతుందట.

నిన్న కబడ్డీ లీగ్ కమిటీ మీటింగ్ జరిగింది. దేశ జట్టు శిబిరానికి మీరు ఏడుగురు వెళ్ళిపోయారు కదా. హౌగాంగ్ నుంచి నలుగురు, ఈషూన్ నుంచి ఇద్దరు, మన బూన్ లే నుంచి నువ్వొక్కడివి. అందుకని జనార్దనరావు అంకుల్ అధ్యక్షుడి కుర్చీలో వెనక్కి వాలి, "ఈ ఏడు స్నేహపూర్వక మ్యాచ్‌లుగా ఆడించేద్దాం. కప్పు వద్దు, పాయింట్ల పట్టిక వద్దు, చివరి జట్టు రెండో డివిజన్‌కి దిగడం వద్దు. ఆ ఏడుగురూ లేకపోతే అది లీగేమిటయ్యా, ఎక్సర్‌సైజు" అన్నాడు. ఆయన చెడ్డవాడని కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ లీగ్‌ని మోస్తున్నాడు. కానీ ఆ మాటకి నా చెవులు కాలిపోయాయి.

ఎదురుగా క్రాంజీ కెప్టెన్ జగన్నాథం అన్న కూర్చుని ఉన్నాడు. షిప్‌యార్డులో పరంజా కట్టే పని, వారానికొక్క ఆదివారం సెలవు. ఆ సెలవుని నాలుగేళ్ళుగా మనందరి చేతుల్లో ఓడిపోవడానికి ఖర్చు పెడుతున్న మనిషి. ఆయన ఆడేది ఎక్సర్‌సైజా? ఎక్సర్‌సైజు కావాలంటే ఆయనకి వారానికి ఆరు రోజులు పరంజా ఉంది!

లేచి నిలబడ్డాను. కరపత్రం అప్పటికే రాసిపెట్టుకున్నాను. నువ్వు నవ్వుతావని తెలుసు. మా నాన్న పేరాక్ రబ్బరు తోటల కూలీల యూనియన్ రోజుల్లో దాచిన కరపత్రాలు చదివి చదివి నాకు ఈ జబ్బు పట్టిందని మా అక్క సుగన్య అంటుంది. "ఆట ఎవరిది?" అని పెద్దక్షరాలతో శీర్షిక పెట్టి అరవై కాపీలు తీయించాను. సగం మంది వాటిని హాకర్ సెంటర్లో భోజనానికి టేబుల్ చోప్ చేసి ఆపుకోవడానికి వాడుకున్నారు. కానివ్వు, టేబుల్ మీదైనా ఎవరో ఒకరు చదువుతారు.

ఓటింగ్ పెట్టించాను. నాలుగు, రెండు. గెలిచాం! లీగ్ పూర్తి లెక్కలోకి వస్తుంది. కప్పు ఉంటుంది, చివరి జట్టు దిగిపోతుంది. శిబిరానికి వెళ్ళినవాడు సీజన్ మధ్యలో వచ్చి ఆడకూడదనే షరతు కూడా నేనే పెట్టించాను. లేకపోతే హౌగాంగ్ వాళ్ళు సరిగ్గా చివరి మ్యాచ్‌కి నలుగురినీ దింపుతారు.

అంకుల్ చివర్లో ఒక వాక్యం చేర్పించాడు. చివర నిలిచిన జట్టు ఆటగాళ్ళెవరైనా శిబిరంలో ఉంటే, దాని కెప్టెన్ సంతకం చేసి అడిగితే సీజన్ మొత్తాన్నీ స్నేహపూర్వకం కింద మార్చేయవచ్చట. నేను నవ్వాను. "రాసుకోండి అంకుల్, ఆ సంతకం పెట్టే పిరికివాడెవడో నేనూ చూస్తాను" అన్నాను, హౌగాంగ్ వైపు చూస్తూ.

నువ్వు వచ్చేదాకా కెప్టెన్ని నేనే. బాగా ఆడు. అన్నం సరిగ్గా తిను.

గెలుపు మత్తు దిగని
దేవన్


బూన్ లే,
మే 18

ఒరేయ్ వికాస్,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. క్రాంజీ వాళ్ళు హౌగాంగ్‌ని కొట్టారు! ఇరవై ఏడు, ఇరవై ఆరు. పోయినేడు అదే మ్యాచ్ స్కోరు గుర్తుందా? నలభై ఎనిమిది, పంతొమ్మిది. అప్పుడు సగం ఆట కాకముందే జనం లేచి మకాన్ అంటూ తినడానికి వెళ్ళిపోయారు. ఈసారి చివరి కూతకి ఒక్కడూ కూర్చుని లేడు. జగన్నాథం అన్న గీత దాటి వెనక్కొచ్చి పడ్డాక, లేవకుండా అలాగే మ్యాట్ మీద బోర్లా పడుకుని, "అయిపోనాదా? నెగ్గేసేమేటి?" అని రిఫరీని అడిగాడు. రిఫరీ కూడా నవ్వేశాడు.

స్కోరు షీట్లు రాసేది మా అక్కే కదా. పోయినేటివి, ఈ ఏటివి పక్కపక్కన పెట్టి చూపించింది. పోయినేడు మొదటి పదిహేను మ్యాచ్‌లలో అయిదు పాయింట్ల లోపు తేడాతో ముగిసినవి రెండే. ఈ ఏడు పదకొండు. నా కరపత్రం కంటే ఆ షీట్లు గట్టిగా మాట్లాడుతున్నాయి. జనార్దనరావు అంకుల్ వాటిని చూసి కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "ఊఁ" అన్నాడు. ఆయన ఊఁ అనడమే ఎక్కువ.

ఒకడు కూత పెడితే మిగతా ఆరుగురం ప్రేక్షకులం అయ్యే ఆట పోయింది. మన సాంబమూర్తన్న లేడూ, బస్సు డ్రైవరు, ముప్పై ఎనిమిదేళ్ళు, ఎప్పుడూ మూలన నిలబడేవాడు. నువ్వున్నన్నాళ్ళూ కూతకి వెళ్ళే అవసరం రాలేదు. మొన్న పంపితే ఒక్క కూతలో ఇద్దర్ని తాకి వచ్చాడు. "ఎక్కడ దాచావన్నా ఇన్నాళ్ళూ?" అంటే, "మీరెప్పుడైనా అడిగారా?" అన్నాడు. ఆ మాట వారం రోజులు నా చెవిలో ఉంది.

ఇక చేదు సంగతి. ఆరు ఆడాం, ఒకటి గెలిచాం. అయిదు ఓటముల్లో నాలుగు, ఒకటీ రెండు పాయింట్ల తేడాతోనే. పట్టికలో అట్టడుగున ఉన్నాం. నువ్వు ఉంటే ఆ నాలుగూ గెలిచేవాళ్ళమని మన కమల్ రోజూ అంటాడు. నిజమే. నువ్వు ఉంటే హౌగాంగ్‌కి ఆ నలుగురూ కూడా ఉంటారని నేనంటాను. అదీ నిజమే. ఇంకా నాలుగు మ్యాచ్‌లున్నాయి. దిగిపోం. ఈ మాట రాసి కింద గీత గీస్తున్నాను చూడు.

నీ
దేవన్


బూన్ లే,
జూన్ 29

వికాస్,

నీ ఉత్తరం అందింది. జులై పదమూడున శిబిరం వాళ్ళు ఒకరోజు సెలవిస్తున్నారనీ, పొద్దున్నే బస్సెక్కి వచ్చి హౌగాంగ్‌తో మన చివరి మ్యాచ్ ఆడి రాత్రికి తిరిగి వెళ్తాననీ రాశావు. జనార్దనరావు అంకుల్‌తో మీ అమ్మ మాట్లాడిందనీ, ఆయన చూసీచూడనట్టు ఊరుకుంటాడనీ కూడా రాశావు. ఆ మ్యాచ్ గెలిస్తే ఉంటాం, ఓడితే దిగిపోతాం. ఇన్ని తెలిసీ చెబుతున్నాను. రాకు.

షరతు నాది. హౌగాంగ్ కోసం పెట్టిన షరతు నాకోసం వంగితే ఇక నేను ఎవరి ముందూ నోరెత్తలేను. ఇదంతా నువ్వు ఊహించిన జవాబే. ఇక్కడితో ఉత్తరం ముగిస్తే నేను మంచివాడినైపోతాను. కానీ ఇంకొకటి ఉంది. మూడు రోజులుగా రాసి చింపేస్తున్నాను.

నిన్ను నేను ఎంత మెచ్చుకుంటానో అంత ఓర్వలేనురా. మన ఇద్దరం ఒకే రోజు క్లబ్బులో చేరాం. నీ కూత విని జనం ఈల వేసేవారు. ఎడమ మూలన నేను పట్టిన పట్టులకి ఎవరూ పేరు కూడా పెట్టలేదు. ఒకసారి నీకు మోకాలు నొప్పని నీ బ్యాగు నేను మోశాను. ఆ రోజు నుంచి ఈషూన్ వాళ్ళు నన్ను "సంచి" అంటారు. "ఏం సంచీ, మీ ఓనర్ రాలేదా?" నువ్వు కూడా ఒకసారి నవ్వావు. నీకు గుర్తుండదు. నాకు ఆ రోజు తిన్న పరాఠా రుచి కూడా గుర్తుంది.

మీటింగ్‌లో నేను అరిచింది జగన్నాథం అన్న కోసం. అది అబద్ధం కాదు. కానీ శిబిరానికి వెళ్ళినవాడు మధ్యలో రాకూడదని చెప్పినప్పుడు, నా కళ్ళ ముందు హౌగాంగ్ నలుగురూ లేరు. నువ్వు ఉన్నావు. నువ్వు లేకుండా నేను ఏమిటో ఒక్క సీజనైనా చూసుకోవాలని ఉండింది. సిద్ధాంతం ముందు నడిచింది, దాని వెనకే నక్కుతూ నా కుళ్ళు నడిచింది. రెండిటికీ దారి ఒక్కటే కావడంతో ఎవరికీ కనబడలేదు.

ఇది తెలిశాక కూడా రాకు అనే అంటున్నాను. నా మనసు మురికి అయినంత మాత్రాన షరతు తప్పు అయిపోదు. నన్ను తిట్టు, నాలుగు పేజీలు తిట్టు. ఆ రోజు మాత్రం క్లువాంగ్‌లోనే ఉండు.

దేవన్


బూన్ లే,
జులై 20

వికాస్,

నువ్వు జవాబు రాయలేదు. రాలేదు కూడా. రెండిటికీ థాంక్స్ చెప్పే అర్హత నాకు లేదు కాబట్టి జరిగింది మాత్రం చెబుతాను.

ఓడిపోయాం. ముప్పై, ఇరవై ఎనిమిది. చివరి అరనిమిషంలో ఒక్క పాయింటు వెనకున్నాం. సాంబమూర్తన్నని కూతకి పంపాను. ఒకణ్ణి తాకాడు, వెనక్కి దూకాడు, నడుం పట్టుకుని లాగేశారు. మధ్యగీతకి జానెడు దూరంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. జానెడురా! ఆయన లేచి నాతో, "సారీ కెప్టెన్" అన్నాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

పట్టికలో క్రాంజీ మొదటి స్థానం. మనం ఆఖరు.

అరగంట తర్వాత జనార్దనరావు అంకుల్ నన్ను పక్కకి పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. టైపు చేసి తెచ్చాడు. మన క్లబ్బు ఆటగాడు శిబిరంలో ఉన్నందున ఈ సీజన్‌ని స్నేహపూర్వకంగా పరిగణించాలని అందులో ఉంది. కింద నా పేరు, సంతకానికి చోటు. "బాబూ, ఆ రోజు నువ్వు హౌగాంగ్ కోసం అనుకున్నావు. నేను నీకోసమే చేర్పించాను. వికాస్ లేకపోతే మీరే దిగిపోతారని నాకు తెలుసు" అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. ఉంటే నాకు తేలికయ్యేది.

కాగితం చూసి మనవాళ్ళు చుట్టూ మూగారు. "పెన్ను ఎవరి దగ్గరుంది?" అన్నాడు కమల్.

"నేను సంతకం పెట్టను" అన్నాను. "పెడితే కప్పు వెనక్కి పోతుంది. క్రాంజీ వాళ్ళు గెలిచిన ఎనిమిది మ్యాచ్‌లూ ఎక్సర్‌సైజు అయిపోతాయి."

"బ్రో, ప్రిన్సిపుల్ నీది, పనిష్మెంట్ మాకా? కెనాట్ లా! ఓటు పెట్టు."

"ఇది ఓటుకి పెట్టే విషయం కాదు."

"కమిటీలో అయితే ఓటు కావాలి, మా దగ్గరకొచ్చేసరికి వద్దా?"

వాడన్నది నిజం వికాస్. ఓటు పెడితే ఓడిపోతానని తెలుసు, అందుకే పెట్టలేదు. నా కరపత్రాల్లో ఇలాంటివాడికి ఒక పేరుంది, అది నువ్వే ఊహించుకో.

అప్పుడే జగన్నాథం అన్న కప్పు చంకలో పెట్టుకుని మా దగ్గరికొచ్చాడు. విషయం ఆయనకీ తెలిసిపోయింది. "సంతకం సేత్తే సెయ్యి తమ్ముడూ, మొగమాటపడకు. పన్నెండుమందిమి ఉంటాం రూములో. ఇది పెట్టుకోడానికి జాగా ఏటుంది?" అన్నాడు. అంటూనే ఆ కప్పుని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు, కింద మాత్రం పెట్టలేదు.

కాగితం నాలుగు మడతలు పెట్టి అంకుల్ జేబులో నేనే పెట్టాను. "ఆడాం, ఓడాం అంకుల్. ఓడామని రాసుకోండి" అన్నాను.

కమల్‌తో కలిపి నలుగురు క్లబ్బు మానేశారు. ఈషూన్‌లో చేరతారట. తిట్టి వెళ్ళారు, ఆ తిట్లలో సగం న్యాయమైనవే. ఇంటికొచ్చాక సుగన్యక్క అన్నం పెట్టింది. తినడం అయ్యాక, "నువ్వు చేసింది రైటే, చేసిన పద్ధతే నాన్నకి నచ్చేది కాదు" అంది.

ఏడుగురం మిగిలాం. ఆడటానికి ఏడుగురు చాలు. ఒకడి కాలు బెణికితే ఆరుగురం. సెప్టెంబరు నుంచి రెండో డివిజన్. చూసేవాళ్ళు పదిమంది కూడా ఉండరు. ఆడతాం. మళ్ళీ పైకొస్తాం. ఎన్నేళ్ళు పడుతుందో తెలియదు.

శిబిరం అయ్యాక నువ్వు హౌగాంగ్‌కి వెళ్ళినా నేను నోరెత్తను. నీ అంతవాణ్ణి రెండో డివిజన్‌లో ఆడమని అడిగే హక్కు నాకు లేదు. నీ జెర్సీ ఉతికి మీ ఇంట్లో ఇచ్చాను.

దేవన్


క్లువాంగ్,
ఆగస్టు 1

రేయ్ దేవన్,

నా తెలుగు నీ అంత నీట్‌గా ఉండదు. నానమ్మ నేర్పిందే. తప్పులుంటే మూసుకుని చదువు.

రావద్దని రాసిన ఉత్తరం వచ్చిన రోజే చింపేశాను. మళ్ళీ ఏరుకుని టేప్ వేశాను. పరాఠా షాపులో నవ్వింది నాకు గుర్తుంది. గుర్తులేదని నువ్వే ఎలా డిసైడ్ చేస్తావు? అప్పుడే సారీ చెప్పాలనుకున్నా, షై వేసింది. ఇప్పుడు చెప్తున్నా. అయిపోయింది, మళ్ళీ అడగకు.

ఇంట్లో చెప్పని మాట ఒకటి చెప్తా, సరయుకి కూడా చెప్పకు. ఇక్కడ పద్నాలుగు మందిమి. టీమ్‌కి పన్నెండు మంది వెళ్తారు. నేను లేను. రెండు నెలలుగా నాకు ఈ సంగతి తెలుసు. ప్రాక్టీస్ మ్యాచ్‌ల్లో కూడా నన్ను దింపరు. గీత బయట కూర్చుని టవల్స్ మడత పెడతా. నువ్వు ఒక్క పాయింటుతో ఓడాం, ఒక్క పాయింటుతో ఓడాం అని ఏడుస్తూ రాస్తుంటే, నేను బంక్ మీద పడుకుని ఆ స్కోర్లు మూడుసార్లు చదివేవాణ్ణి. అంత జెలసీ నాకెప్పుడూ రాలేదు. బూన్ లేలో ఉన్నప్పుడు మ్యాచ్ మొదలవకముందే మనం గెలుస్తామని నాకు తెలిసేది. ఇక్కడ మొదలవకముందే నేను ఆడనని తెలుసు. రెండూ ఒకటేరా, రెండూ బోరే. ఓడిపోతానేమో అని భయపడి ఆడి ఎన్నేళ్ళయిందో.

హౌగాంగ్ వాళ్ళు అమ్మకి ఫోన్ చేశారు. అమ్మ సరే అనేసింది. నేను వద్దన్నా. పదహారో తారీఖు శనివారం వస్తున్నా, సాయంత్రం ప్రాక్టీస్‌కి. ఎనిమిదో వాణ్ణి రాసుకో. కెప్టెన్ నువ్వే ఉండు, నాకు ఇంటరెస్ట్ లేదు.

కానీ కమల్ అడిగింది కరెక్ట్. నేను అక్కడ ఉంటే నేనూ ఓటు అడిగేవాణ్ణి. పెట్టి ఉంటే నేను నీ వైపే వేసేవాణ్ణేమో, ఓడిపోయేవాళ్ళమేమో. కమల్ వాళ్ళ ఫ్లాట్‌కి నేనూ నువ్వూ కలిసి వెళ్దాం. డోర్ నువ్వు కొట్టాలి. మాట్లాడేది కూడా నువ్వే. ఈసారి పాంఫ్లెట్ తేవొద్దు, ప్లీజ్ లా.

వికాస్