మిషన్ తీసేశామండి

జూలై 3, 2025

పదకొండేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. ఎంబీబీఎస్‌లో మనుషుల్ని చూశావు, ఎండీలో పిల్లల్ని చూశావు, ఇప్పుడు అరచేతిలో పట్టేవాళ్ళ దగ్గరికొచ్చావు, ఇంకా ఏం మిగిలిందే అని ఫోన్లో అమ్మ. నియోనేటల్ ట్రైనింగ్‌లో ఇది నాలుగో నెల. నావల్ల కావడం లేదు. రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్స్‌లో రెడీగా ఉంది. ఈ వారం పంపేస్తాను.

ఈరోజు ఉప్పాడ నుంచి కొత్త అడ్మిషన్. లక్ష్మీదుర్గ అనే ఆవిడ బిడ్డ. ఏడో నెలలోనే పుట్టేసింది. 940 గ్రాములు. వెంటిలేటర్ పెట్టాం. ఇంతకుముందు ఇద్దరు పుట్టి, మా లాంటి చోటే పోయారట.

జూలై 7

పాప అమ్మమ్మ అప్పాయమ్మ. హార్బర్‌లో చేపలమ్ముతుంది. గంటకోసారి అద్దం తలుపు కొట్టి, మిషన్ ఆడుతోందాండీ డాక్టరమ్మగారూ అంటుంది. పాప ఎలా ఉందని మాత్రం అడగదు. పోనీ నేనే బాగుందండీ అన్నానా, దిష్టి తగులుద్దని కసురుతుంది. ఇంకేం చెప్పాలి ఈవిడకి?

జూలై 8

మెయిల్ పంపలేదు. టైమేదీ?

జూలై 12, ఉదయం 11

ట్యూబ్ తీశాను! మొదటిసారి, నేనొక్కదాన్నే. మా పల్లంరాజు సార్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు, అంతే. పాప సొంతంగా ఊపిరి తీసుకుంది. ఏడ్చింది. పిల్లికూన గొంతు. నాకూ ఏడుపొచ్చింది.

బయటికి పరిగెత్తుకెళ్ళి అప్పాయమ్మకి చెప్పాను, మిషన్ తీసేశామండి అని.

మధ్యాహ్నం 3

ఛీ. నా చదువు తగలెయ్య.

మాస్కులో నవ్వు ఎవరికి కనపడుతుంది? ఆవిడ నేలమీద కూలబడి శోకాలు మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోపే ఎవరో పాప తండ్రి త్రిమూర్తులికి ఫోన్ చేసేశారు. లక్ష్మీదుర్గ కుట్లు పట్టుకుని వార్డులోంచి పరిగెత్తుకొచ్చింది. మిషన్ తీసేశాం అంటే వీళ్ళకి ఒక్కటే అర్థం. రెండుసార్లు విన్నారు ఆ మాట. రూబీ సిస్టర్ లక్ష్మీదుర్గకి చేతులు కడిగించి, లోపలికి తీసుకెళ్ళి, కాళ్ళాడిస్తున్న పాపని చూపిస్తేగానీ ఏడుపులు ఆగలేదు.

సార్ తిట్టలేదు. ముందు పాప బతికే ఉందని చెప్పమ్మా, ఏం తీశామో తర్వాత చెప్పొచ్చు అన్నారు. పదకొండేళ్ళలో ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. నాకూ తోచలేదు.

జూలై 13

అప్పాయమ్మ కొత్త గొడవ. పోయిందని ఏడ్చిన పిల్ల ఇంట్లో నిలవాలంటే అమ్మెయ్యాలట. చేటలో పడుకోబెట్టి, తవుడికి. కొనాల్సింది నేనట! చేతులు కడుక్కోండి బాబూ అని రోజంతా మొత్తుకునే చోట తవుడా! వీల్లేదని అరిచాను. అయితే ఇంటికెళ్ళే రోజు గేటు బయట కొనండి అంది. చేపల బేరమనుకుంది. అప్పటిదాకా మీరిక్కడే ఉంటారు కదండీ అని అడిగింది.

ఉంటానండీ అనేశాను. ఎందుకన్నానో!

ఆగస్టు 2

ఇన్‌ఫెక్షన్. మళ్ళీ మిషన్.

ఆగస్టు 9

పాప బతికే ఉందండీ, ఊపిరి తనే తీసుకుంటోంది, అందుకని మిషన్ తీసేశాం. అద్దం ముందు మూడుసార్లు ప్రాక్టీస్ చేసి మరీ చెప్పాను. అప్పాయమ్మ మొదటి మాటకే నా చెయ్యి పట్టేసుకుంది. మిగతాది వినలేదు.

సెప్టెంబర్ 6

1,860 గ్రాములు. గేటు బయట గుప్పెడు తవుడిచ్చి కొన్నాను. తవుడు కూడా అప్పాయమ్మే తెచ్చింది. రెండు నిమిషాలు నా పిల్ల. పెంచిపెట్టమని లక్ష్మీదుర్గకి అప్పగించాను.

పాప బతికే ఉంది. మెయిల్ తీసేశాను.