సంచిలో వేళ్లు

శాన్ ఫెర్నాండో,
ఆదివారం

ప్రియమైన ఇర్మా అక్కకు,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరం చదివి ఫోను చెయ్యకు. ఫోనులో నా గొంతు వింటే నువ్వు అడక్కుండానే అంతా లాగేస్తావు. కాగితం మీదైతే ఏడవకుండా చెప్పగలను.

నన్ను దొంగ అన్నారక్కా. నిన్న చర్చి హాల్లో, అక్షరాల బిళ్లలతో మాటలు పేర్చే మా స్క్రాబుల్ క్లబ్బు వాళ్లందరి ముందూ. బార్బడోస్ పోటీకి వెళ్లే జట్టులో ఒక్క చోటే మిగిలింది. దానికోసం నేనూ, రిటైరైన హెడ్మాస్టరు రామ్‌నరైన్ గారూ ఆడుతున్నాం. నా చేతికి క్యూ వచ్చింది, దాని తోక పట్టుకు తిరిగే యూ మాత్రం రాలేదు. యూ లేకుండా క్యూ ఉన్న మాటలు నాన్న మనకి భోజనాల దగ్గర బట్టీ పట్టించినవే కదా. అరబ్బులు నమిలే ఆకు పేరొకటి పెట్టేసి, కొత్త బిళ్లల కోసం సంచిలో చెయ్యి పెట్టాను. మాస్టారు గడియారం ఆపేశారు.

"ఏమమ్మా మార్వా, సంచిలో వేళ్లతో ఏం చదువుతున్నావ్?" అన్నారు.

నీకు తెలుసు, బిళ్ల మీద అక్షరం చెక్కి ఉంటుంది. ఏ అక్షరానికైనా బదులు చెల్లే ఖాళీ బిళ్ల మాత్రం నున్నగా ఉంటుంది. దాన్ని తడిమి ఏరుకునేవాడికంటే నీచుడు మా ఆటలో లేడు. వారం వారం నాతో వీధి చివర శనగల కూర పెట్టిన డబుల్స్ రొట్టెలు తినేవాళ్లు కూడా తలలు దించుకున్నారు.

నేను తడిమిన మాట నిజమే. షుగరు కళ్ల మీద పడింది. ఎక్కడ చూద్దామనుకుంటే సరిగ్గా అక్కడే మసక మచ్చ. బిళ్ల పైకి తీశాక బొటనవేలితో రుద్ది చదువుకుంటున్నాను. ఆ అలవాటు నాకు తెలియకుండానే సంచిలోకి కూడా పాకింది. ఇంజెక్షన్లు పడితే కొంత తేరుకోవచ్చట, అందాకా బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు.

ఈ మాట చెబితే నా పేరు నిలుస్తుంది. కానీ ఆ హాల్లో సగంమంది తమ పిల్లల్ని నా స్కూలు వ్యానులోనే పంపుతారు. నా మొగుడు పోయాక ఆ వ్యానే నా కూడు. వచ్చే శనివారం రమ్మని క్లబ్బు కమిటీ పిలిచింది. దొంగనేనని ఒప్పుకుంటాను. దొంగైతే బండి లైసెన్సు లాక్కోరు కదా.

నీ చెల్లెలు
మార్వా


బుధవారం

అక్కా,

పడవలో వచ్చిన మనిషి చేతికిచ్చి పంపిన నీ తిట్లు అందాయి. టొబాగో దీవిలో చేపలు తోముకుంటూ నాకు నీతులు చెప్పడం తేలికే. పదహారేళ్లుగా నడుపుతున్న దారి ఇది, గుంటలతో సహా కంఠతా వచ్చు. నువ్వు రాసినట్టు నేను పిల్లల ప్రాణాలతో ఆడటం లేదు.

ఆడేది నంబరు ప్లేట్లతో. ముందున్న బండి ప్లేటు మీది మూడక్షరాలూ అదే వరసలో వచ్చే మాట చెప్పాలి. నిన్న నేను పి, డి, ఆర్ అనుకుని "పౌడర్" అన్నాను. పిల్లలు ఘొల్లుమన్నారు. అది ఆర్ కాదట, కె అట. ముందు సీట్లో కూర్చునే కెజియా "పాడ్‌లాక్" అని చెప్పి గెలిచింది. తొమ్మిదేళ్ల పిల్ల, నోటికి మూత లేదు. "ఎర్ర లైటు ఆంటీ, తాత దాటుతున్నాడు ఆంటీ, కుక్కపిల్ల ఆంటీ" అని దారి పొడుగునా వాగుడే. దాని వాగుడు పడలేక రేడియో పెడుతున్నాను.

ఒక్క అక్షరం తప్పు చదివితే కొంప మునగదు. నాకు మళ్లీ నీతులు రాయకు.

మార్వా


శనివారం

అక్కా,

నిన్న కెజియాకి జ్వరమొచ్చి బడికి రాలేదు. ముందు సీటు ఖాళీ. వ్యాను ఎంత ప్రశాంతంగా ఉందో అనుకున్నాను కూడా. మార్కెట్టు కూడలి దగ్గర ఉన్నట్టుండి వెనక పిల్లలంతా కేక పెట్టారు. బ్రేకు తొక్కాను. తెప్పరిల్లి చూస్తే కొబ్బరిబోండాల బండివాడి రెండు చేతులూ నా బానెట్టు మీద ఉన్నాయి. లైటు ఎర్రగా ఉందట. నాకక్కడ మసక తప్ప ఏమీ లేదు.

తాళం చెవి తీసేశాను. పక్కింటి డెస్మండ్‌ని పిలిస్తే వచ్చి పిల్లల్ని బడికి చేర్చాడు. నేను అక్కడే గట్టు మీద కూర్చున్నాను. ఇన్నాళ్లూ వ్యాను నడిపింది ఎవరో అప్పుడు తెలిసింది.

సాయంత్రం కెజియా ఇంటికెళ్లాను. దుప్పటి కప్పుకుని పడుకుంది. నాకు కనబడదని ఎప్పట్నుంచి తెలుసే అని అడిగాను. ఎండాకాలం సెలవుల ముందు నుంచీ అంది.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నీకు కోపమొచ్చి ప్లేట్లాట మానేస్తావని."

అక్కా, నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

ఇవాళ కమిటీ ముందు కళ్ల సంగతీ, కొబ్బరిబోండాలవాడి సంగతీ, కెజియా సంగతీ అన్నీ చెప్పేశాను. సంచిలో వేళ్లు కదిలాయి గనక ఆ ఆట మాత్రం నాది కాదన్నారు మాస్టారు, దొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నారు. బార్బడోస్ ఆయనే వెళతారు. అది న్యాయమే. ఆ తర్వాత కెజియా తల్లి, ఆవిడా మా క్లబ్బు మనిషే, లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను, మెల్లగానే మాట్లాడింది.

"నువ్వు దొంగవైతేనే బాగుండేది, మార్వా."

తాళం చెవి డెస్మండ్‌కి ఇచ్చేశాను. సోమవారం మొదటి ఇంజెక్షను. దాని తర్వాత కొన్నాళ్లు నీ దగ్గరికి వస్తాను, చేపలు తోమడం కంటితో పనిలేని విద్యేగా.

బుధవారం పొద్దుటి ఓడకి వస్తున్నాను. రేవులో జనం ఉంటారు. నేను నిన్ను గుర్తుపట్టి వస్తానని దూరంగా నిలబడిపోకు. నువ్వే పేరు పెట్టి పిలువు, గట్టిగా.

నీ
మార్వా