పదకొండు బారలు

నాన్నకు నమస్కారాలు.

ఇరవయ్యో తేదీన నేనొక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆలోపు నీకొక మాట చెప్పాలి, నిన్నొకటి అడగాలి. అందుకే వారం తిరక్కుండానే మళ్ళీ రాస్తున్నాను. దీన్ని చెల్లి చేతే, ఇంట్లోనే చదివించుకో. అది బడి నుంచి రాలేదని గుమాస్తా గారి దగ్గరికి తీసుకెళ్ళొద్దు. ఆయన మంచివాడే కానీ, కంపెనీ మనిషి.

నా ఒంట్లో బాగానే ఉంది. మీరూ బాగున్నారని రాయించావు గానీ, ఉత్తరం అంచున చెల్లి పెన్సిల్‌తో "అక్కా, నాన్న చెప్పమన్నదే పైన రాశా. దగ్గు మాత్రం తగ్గలేదు" అని ఇరికించింది. దాన్ని తిట్టకు. మందు మానకు.

మీ మడుల్లో ఎండిన ఉప్పుతో బస్సు నడుస్తుందంటే తోటివాళ్ళు "అలాగైతే సముద్రం ఈపాటికి ఎక్కడికో వెళ్ళిపోయేది" అని నవ్వుతున్నారన్నావు. నిజమే నాన్నా, నడుస్తుంది. ఆ ఉప్పులోంచి తీసిన సరుకే బ్యాటరీలోకి వెళ్తుంది. పొగ లేదన్నదీ నిజమే. మా వీధిలో ఆ బస్సులు వచ్చాక కిటికీ చువ్వలకు మసి పట్టడం లేదు. కింది వాటాలో పసిపాప ఈ చలికాలం ఒక్కసారి కూడా ఆయాసపడలేదు. అవి ఆగిపోవాలని నేను కోరుకోలేను.

బస్సు పుట్టుక నుంచి పారేసేదాకా గాలికీ నేలకూ నీటికీ ఎంత నష్టమో తూచి రాయడం నా పని అని తెలుసు కదా. నిరుడు మీ మడుల కోసం భూమిలోంచి తోడే నీటి లెక్క నేనే రాశాను. చేతిలో కొలత లేకపోతే, వేరేచోటి సగటు అంకె వేసుకోవచ్చని మా ఆఫీసులో పద్ధతి. నేను బాగా వానలు పడే చోటి అంకె వేశాను. దాంతో నష్టం తక్కువగా తేలింది.

కానీ కొలత నా దగ్గరే ఉంది. వీధి బావికి ఆరు బారల తాడు చాలలేదని, తర్వాత ఎనిమిది పట్టిందని నువ్వు రాయించిన ఉత్తరాలు నా పెట్టెలోనే ఉన్నాయి. చదువు రాని మనిషి మాట ఎవరు లెక్కచేస్తారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సాకు. మడులు ఆగితే నీ పని పోతుందని భయపడ్డాను. నాదీ అప్పటికి ఖాయం కాలేదు.

ఆ నివేదిక చూసే కొత్త పంపుకు అనుమతి ఇచ్చారు. ఆ పంపు మీద నీకు పని ఇచ్చారని ఎంత సంబరంగా రాయించావో! ఇప్పుడు తాడు పదకొండు బారలట. నీళ్ళు తోడుతున్నది నీ చెయ్యి. తోడించింది నా సంతకం.

మొన్న మా పైఅధికారికి చెప్పేశాను. ఆయన కేకలెయ్యలేదు. "అమ్మాయ్, ఉత్తరాలు చూపిస్తే చెల్లవు. అక్కడుండే మనిషి కొలత చెప్పి వేలిముద్ర వెయ్యాలి. వేసేవాళ్ళున్నారా?" అన్నారు.

"ఉన్నారండీ. పంపు నడిపేది ఆయనే."

"మీ నాన్నా?" అని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

వేలిముద్ర వేస్తే కొత్త పంపు ఆగుతుంది. ముందు నిన్నే తీసేస్తారు. నీతోపాటు ఆ షిఫ్టు వాళ్ళందరినీ. వీధిలో ఎవరూ మనతో మాట్లాడకపోవచ్చు. వెయ్యకపోతే వచ్చే ఏటికి బావిలో ఏముంటుందో నాకంటే నీకే బాగా తెలుసు. నన్ను చదివించింది ఇలా అడగడానికా అని నీకు అనిపిస్తే, అనిపించడం న్యాయమే.

వేస్తే, తాడు కొలత చెల్లి చేత రాయించి దాని కింద వెయ్యి. వద్దనుకుంటే వద్దనే రాయించు, ఆఫీసులో నేను మాట పడతాను. ఏదీ రాయకుండా మాత్రం ఉండకు. జవాబు రాకపోతే దాన్నే సాకు చేసుకుని ఈ ఏటి నివేదికలో మళ్ళీ ఆ పాత అంకే వేసి సంతకం పెడతానేమోనని నా మీద నాకే భయంగా ఉంది. పదిహేడో తేదీకల్లా నాకు అందేలా పంపు నాన్నా.

ఇట్లు,
నీ పెద్దకూతురు