కొల్లేటి సంబంధాల పటం

విజయవాడ,
4-3-1974

ప్రియమైన శౌరమ్మకు,

ఇక్కడ క్షేమం. మా నీటిపారుదల కార్యాలయం ఒక చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్నది. కొల్లేటి నీరు చెడినప్పుడు ఎవరు ఎవరికి చెప్పుకుంటారో ప్రజలే పటం గీయాలి. మనిషికొక సున్నా, చెప్పుకునే చోటికి ఒక గీత. మన లంకకు తెల్లకాగితం ఒకటి, రంగు పెన్సిళ్లు రెండు మంజూరైనవి. బడి పంతులమ్మవు కనుక నువ్వే గీయించాలి. నీరు ఎందుకు చెడినదో పటంలో రాయరాదు. దానికి వేరే ఫారం కలదు, ఇంకా అచ్చు కాలేదు.

నీ భర్త,
సొలొమోను

లంక,
19-3-1974

ప్రియమైన మీకు,

ఫ్యాక్టరీ నీళ్లు మళ్లీ కొల్లేట్లో కలిసే మురుగుకాలువలోకి వదిలారు. బురదలో కూడా బతికే కొర్రమీనే వెల్లకిలా తేలుతోంది. పది రోజులుగా పొయ్యి వెలుగుతున్న ఇళ్లు నలభై మూడింటిలో ఏడే. చేపలమ్మే పెద్దింట్లమ్మ తన చంటి మనవరాలికి గంజినీళ్లు పడుతోంది.

అయినా పటం గీశాం. నీరు చెడితే ఎవరికి చెబుతావని ముందుగా కులపెద్ద పోతురాజును అడిగాను. "ఇంకెవరికండీ? మన సొలొమోను గారు బెజవాడ ఆఫీసులోనే ఉన్నారు గదా. ఆయనకి తెలిస్తే ఇంజనీరుకి తెలిసినట్టే" అన్నాడు. మిగతా వాళ్లదీ అదే మాట. చెరిపి మళ్లీ అడిగాను. నలభై మూడిళ్ల గీతలూ మళ్లీ మీ సున్నాలోకే వచ్చాయి.

రెండేళ్లుగా వీళ్ల మొర మీకు రాస్తూనే ఉన్నాను. ఆ నీళ్లు ఆపిస్తారా లేదా, ఇంజనీరు గారు ఏమన్నారో ఒక్కసారి రాయండి.

మీ
శౌరమ్మ

విజయవాడ,
2-4-1974

ప్రియమైన శౌరమ్మకు,

పటం అందినది. సమావేశంలో గోడకు తగిలించారు. ప్రజలకూ కార్యాలయానికీ ఇంత పటిష్ఠమైన సంబంధం మరెక్కడా చూడలేదని ఇంజనీరు గారు ప్రశంసించారు. తరువాత ఈ సొలొమోను ఎవరని అడిగారు. ఎవరికీ తెలియలేదు. నేనే చెయ్యెత్తాను.

శౌరమ్మా, నేను కవర్లకు తపాలా బిళ్లలు అంటించే తాత్కాలిక గుమాస్తాను. ఇంజనీరు గారి గదిలో ఏనాడూ అడుగు పెట్టలేదు. ఇంజనీరు గారు నా మాట వింటారని పెళ్లినాడు మీ నాన్నతో గొప్పకు చెప్పిన మాటను ఊరంతా నమ్మింది, కాదనే ధైర్యం నాకు లేకపోయింది. నీ ఉత్తరాలన్నీ నా ట్రంకుపెట్టెలోనే ఉన్నాయి.

"సమస్య సదరు గుమాస్తా వద్ద నిలిచియున్నది" అని నివేదికలో రాసి ఫైలు మూశారు.

క్షమించమని అడిగే అర్హత లేని
సొలొమోను

లంక,
9-4-1974

సొలొమోను గారికి,

మీ ఉత్తరం బడి అరుగు మీద అందరికీ చదివి వినిపించాను. పెద్దింట్లమ్మ, "రెండేళ్లా పంతులమ్మా? మరి ఇన్నాళ్లూ మేం ఎవరితో చెప్పుకున్నట్టు?" అంది. ఆమె మనవరాలు ఆదివారం పోయింది. పటంలో ఆ పాపకు సున్నా గీయలేదు, ఎవరికీ చెప్పుకునే వయసు కాదని.

బడి నల్లబల్ల మీద ఉంచుకున్న పటం నకలులో మీ సున్నా చెరిపేశాం. గురువారం ఉదయం నలభై మూడిళ్ల వాళ్లం, చచ్చిన చేపల గంపలతో మీ కార్యాలయానికి వస్తున్నాం. ముందు నేనుంటాను. ఇంజనీరు గారి గది ఎటో మాకు తెలియదు. మీరు లోపలికి రానక్కర్లేదు, తలుపు చూపించండి చాలు.

ఇట్లు,
శౌరమ్మ