తొమ్మిదో నంబరు మంచం పక్క కిటికీ

అయ్యా,

విషయం: ఊపిరితిత్తుల వార్డులో తొమ్మిదో నంబరు మంచం పక్క కిటికీకి అడ్డంగా బిగించిన పరిశోధన బోర్డు తీయించుట గురించి. (మూడోసారి.)

ఈ మాట మూడేళ్ళ రెండు నెలల నుంచి నా గొంతుకి అడ్డం పడి ఉంది. ఊపిరాడనివాళ్ళకి వైద్యం చేసే చోటు మీది కాబట్టి మీ దగ్గరే కక్కేస్తున్నాను.

ఆసుపత్రి పెద్ద డాక్టరు గారి సముఖమునకు, వడ్రంగి పని చేసి చేసి మానుకున్న ముసలివాడు రాసుకున్నది. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగింది. మీ ఆఫీసు నుంచి వచ్చిన రెండు జవాబులూ ముందు పెట్టుకుని, అందులో మాటలు చూసి రాస్తున్నాను. కాబట్టి భాషలో తప్పులుంటే అవి మీవే.

1. సదరు కిటికీ నేను చేసినది. ముప్పై ఏడేళ్ళ కిందట ఈ ఆసుపత్రి కట్టినప్పుడు ఆ వార్డుకి మూడు కిటికీలు చేశాను. ఒకటి మీరు మందుల గది కట్టుకున్నప్పుడు గోడలో కలిసిపోయింది. రెండోదానికి ఏసీ పెట్టి చుట్టూ సిమెంటు పూశారు. ఆ ఏసీ నడవగా చూసినవాళ్ళు ఎవరైనా ఇంకా బతికి ఉంటే ఒకసారి కలవాలని ఉంది. మిగిలింది మూడోది. దాని రెక్కలు ఇప్పటికీ ఒక్క వేలితో తోస్తే తెరుచుకుంటాయి, తోయడానికి వేలు పట్టే చోటుంటే.

2. మూడేళ్ళ కిందట "శ్వాసకోశ రోగుల సంరక్షణ మెరుగుపరచు పరిశోధన" అని నిలువెత్తు బోర్డు ఒకటి తెచ్చారు. గోడకి బిగించబోతే పెచ్చులూడి స్క్రూ నిలవలేదట. నా కిటికీ చట్రానికి బిగిస్తే నిలిచింది. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. నా పని గట్టిదని మీ ఆసుపత్రి ఒప్పుకున్నది ఆ ఒక్కసారే, సంతోషం. బోర్డు మీద ఒక ముసలమ్మ తెరిచిన కిటికీ పక్కన కూర్చుని నవ్వుతున్న బొమ్మ ఉంది. బొమ్మలో కిటికీ చాలా బాగుంది. గాలి మాత్రం రాదు.

3. తొమ్మిదో మంచం మీద ఉన్నది నా భార్య. ఈ వార్డుకి రావడం ఇది నాలుగోసారి. పరిశోధన చేసే డాక్టరమ్మ రోజూ పొద్దున అందరి చేతా ఊపిరి బలం కొలిచే గొట్టం ఊదించి అంకె రాసుకుంటుంది. మా ఆవిడ మంచం మీద ఊదితే నూట ముప్పై. చక్రాల కుర్చీలో వరండాలోకి తీసుకెళ్ళి కాసేపు ఉంచి ఊదిస్తే నూట అరవై. వార్డులో చాలామందికి అంతేనట. డాక్టరమ్మ మంచి పిల్ల, అబద్ధమెందుకు.

"తాతా, వరండాలో ఎందుకు పెరుగుతోందో మాకు అంతుపట్టట్లేదు. కారణం తేల్చడానికి ఇంకో రెండేళ్ళు పొడిగించమని రాశాం" అంది.

"వరండాలో గాలి ఉందమ్మా" అన్నాను.

"అలా ఊరికే అనేయకూడదు తాతా. రుజువు కావాలి."

"ఆ బోర్డు తీయించు. సాయంత్రానికల్లా రుజువు నీ చేతిలో పెడతాను."

ఆ పిల్ల బోర్డు వైపు చూసింది, తర్వాత తన కాగితాల వైపు చూసింది. "అది నా చేతిలో లేదు తాతా" అంది.

4. నా మొదటి అర్జీకి "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. పరిశీలించడానికి ఎవరూ రాలేదు. బోర్డు మీద దుమ్ము దులపడానికి కూడా రాలేదు. రెండోదానికి, "పరిశోధన ముగియువరకు వార్డులోని పరిస్థితులను మార్చరాదు, మార్చినచో ఫలితములు చెడును" అని వచ్చింది. నాకు అర్థమైనంతవరకు, గాలి వస్తే జనం బాగుపడతారు, జనం బాగుపడితే పరిశోధన పాడవుతుంది. ఆ కాగితం పట్టుకుని మీ గుమస్తా దగ్గరికి వెళ్ళాను.

"పెద్దాయనా, కిటికీ అయితే మరమ్మతుల విభాగం. బోర్డు అయితే పరిశోధన విభాగం. మీదేమిటి?" అన్నాడు.

"నాది భార్య" అన్నాను.

"భార్య అయితే రోగుల విభాగం. కింది అంతస్తు. ఇవాళ సెలవు."

5. సోమవారం నుంచి ఆవిడ కూర్చోలేకపోతోంది. చక్రాల కుర్చీలో పెడితే పక్కకి ఒరిగిపోతోంది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు, కాదనను. అయినా కళ్ళు తెరిచినప్పుడల్లా వరండా అడుగుతోంది. మనిషి గాలి దగ్గరికి పోలేనప్పుడు గాలే మనిషి దగ్గరికి రావాలి. ఈ మాట చెప్పడానికి ఐదేళ్ళ పరిశోధన అక్కర్లేదు, వడ్రంగి చాలు.

6. ఈ అంశం రాయడానికి మీ జవాబుల్లో మాటలు దొరకలేదు. నా మాటల్లోనే రాస్తాను. ఆవిడ ఊపిరితిత్తుల్లో ఉన్నది నా చెక్కపొడి. ఇరవై ఎనిమిదేళ్ళు నేను చిత్రిక పట్టిన ప్రతి తలుపునీ, ప్రతి రెక్కనీ శాండు పేపరుతో రుద్దింది ఆవిడే. పాలిష్ మీద దుమ్ము వాలుతుందని మా పనిగదికి కిటికీ పెట్టలేదు నేను. "ఏమయ్యా, ఊరందరికీ కిటికీలు చేస్తావు, మనకొకటి పెట్టకూడదా?" అని అడిగేది. "పని పాడవుతుందే" అనేవాణ్ణి. మీ రెండో జవాబు చదువుతుంటే ఆ గొంతు ఎక్కడో విన్నట్టే ఉంది. చాలాసేపటికి తెలిసింది, నాదే.

కావున తమరిని కోరునది ఏమనగా, వచ్చే గురువారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా సదరు బోర్డు తీయించవలెను. ఎక్కడ పెట్టుకోవాలా అని తమరు బెంగపడనక్కర్లేదు. తమరి గదిలో కుర్చీ వెనక ఉన్న కిటికీ కూడా నేను చేసినదే, స్క్రూలు బ్రహ్మాండంగా నిలుస్తాయి. అక్కడ బిగించి, వారం రోజులు తలుపులు మూసుకుని కూర్చుని, ఆ తర్వాత తమరు గొట్టం ఊది ఎంత వచ్చిందో డాక్టరమ్మకి చెప్పండి. పరిశోధనకి పనికొస్తుంది.

"పరిశీలనలో ఉన్నది" అన్న జవాబు నా దగ్గర ఒకటుంది. ఇంకోటి వద్దు. తీస్తారో తీయరో గురువారం పన్నెండింటికి చెప్పండి.

చిత్తగించవలెను. చిత్తానికి తీరిక లేకపోతే స్క్రూడ్రైవరు పంపినా చాలు.

తమ విధేయుడు (గురువారం పన్నెండింటి వరకు),
తొమ్మిదో నంబరు మంచం తాలూకు భర్త

తా.క.: స్క్రూడ్రైవరు కూడా పంపనక్కర్లేదు, నాది తెచ్చుకున్నాను. నిన్న ఆవిడని చూడ్డానికి వచ్చినప్పుడు మూడు స్క్రూలు తీశాను. నాలుగోది తమరి మీద గౌరవం కొద్దీ ఉంచాను. బోర్డు మంచం మీద పడకుండా తాడుతో పక్కకి లాగి కట్టాను, భయం లేదు. జానెడు సందు వచ్చింది. ఒక రెక్క అంతమేరకు తెరిచాను. ఇవాళ పొద్దున మా ఆవిడ మంచం మీదే ఊదితే నూట నలభై ఐదు వచ్చింది. డాక్టరమ్మ రెండోసారి ఊదించి చూసుకుని, తాడు వైపు చూసి, నా వైపు చూసి, అంకె వేసుకుంది. కారణం రాసే గడి దగ్గర కలం ఆపింది. గురువారం దాకా ఖాళీగా ఉంచమ్మా, పెద్ద డాక్టరు గారు నింపుతారు అన్నాను.